తెలిసిన జవాబు

రెండో రోజు కూడా అమ్మ ఎంగిలి పడలేదు.

కోడలు తెచ్చి పెట్టిన కంచం పెట్టినచోటే ఉంది. మూత కూడా తియ్యలేదు. అమ్మ హాల్లో కిటికీ పక్క కుర్చీలో, ఆపేసి ఉన్న టీవీ వైపు ముఖం పెట్టి కూర్చుంది. కోపంగా ఉన్నా బాగుండేది, కోపాన్ని బతిమాలుకోవచ్చు. ఆవిడ ఊరికే కూర్చుంది.

“కొంచెం తినమ్మా” అన్నాడు పెద్దకొడుకు, కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని.

“నువ్వు సరేనను. తింటాను.”

“అది టీవీ వాళ్ళ తమాషా అమ్మా. వాళ్ళకు కావలసింది మన కన్నీళ్ళు.”

“ఉన్నవే కదరా. ఇస్తే ఏం పోయింది?”

అతను లేచి నిలబడ్డాడు. ఏ ప్రశ్న వేసినా మూడు సెకన్లలో జవాబు చెబుతాడని పేరున్న మనిషి, కన్నతల్లి మాటకు బదులు లేక గోడ గడియారం వైపు చూశాడు.

ఆ గడియారం గెలుచుకొచ్చిందే. ఆ ఇంట్లో గెలవకుండా వచ్చిన వస్తువేదో వెతుక్కోవాలి. టీవీ, ఫ్రిజ్జు, బట్టలుతికే మిషను, మూడు మిక్సీలు, నాలుగు ఇస్త్రీపెట్టెలు. ఆ ఇంటికి గాలొక్కటే ఊరికే వచ్చిందని, దానికీ రెండు ఫ్యాన్లు గెలుచుకొచ్చాడని వీధివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. పదహారేళ్ళ కిందట గుమాస్తా ఉద్యోగం వదిలేసి టీవీ క్విజ్ పోటీలనే బతుకుతెరువు చేసుకుంటానన్నప్పుడు కూడా నవ్వారు. నవ్విన నాపచేనే పండింది. ఒక్కరోజులో ఐదు భాగాలు తీస్తారు గనక ఐదు చొక్కాలు ఇస్త్రీ చేసి సంచిలో పెట్టుకుని వెళ్ళేవాడు, చూసేవాళ్ళకు ఐదు రోజులు వరసగా గెలిచినట్టు కనబడాలి కదా. సన్నగీతల చొక్కా కెమెరాకు పడదని, యాంకరు ఆఖరిమాటకు ముందు ఊపిరి పీల్చే క్షణంలోనే బజరు నొక్కాలని, మరీ సులువుగా గెలిస్తే మళ్ళీ పిలవరని, ఒక్కొక్కటే తెలుసుకున్నాడు. ఖాళీగా కూర్చున్నా కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద టకటకా ఆడుతూనే ఉండేది. అందుకే వీధిలో అతని పేరు బజర్ బాబు. అసలు పేరుతో ఉత్తరం వస్తే పోస్టుమాన్ కూడా ఒక నిమిషం ఆలోచించాల్సిందే.

మొన్న సాయంత్రం ప్రొడ్యూసరమ్మ ఇంటికే వచ్చింది. ‘పన్నెండు మెట్లు’ కార్యక్రమానికి పదేళ్ళు నిండుతున్నాయట. ఆ సందర్భంగా పిల్లలకు ప్రత్యేక పోటీ పెడుతున్నారు. బజర్ బాబు తమ్ముడి కూతురు, పదమూడేళ్ళ చిట్టి, అందులో ఎంపికైంది. తొమ్మిదేళ్ళ కిందట తండ్రి కూర్చున్న కుర్చీలోనే కూతురు కూర్చుంటుంది. చిక్కు ప్రశ్న వస్తే ఆనాడు తండ్రి చేసినట్టే పెదనాన్నకు ఫోన్ చేస్తుంది. దానికి ముందు, తండ్రి చేసిన ఆ పాత ఫోన్ కూడా ఒకసారి చూపిస్తారు. తండ్రి ఇప్పుడు లేడు గనక చూసేవాళ్ళ గుండె కరుగుతుంది. ఈ చివరిమాట ఆవిడ పైకి అనలేదు. ఒళ్ళో కాగితం మీద రాసుకుంది. తలకిందులుగా ఉన్న అక్షరాలు కూడా చదవడం బజర్ బాబు వృత్తిలో భాగం.

ఇంట్లో అందరూ సరేనన్నారు. అతనొక్కడే వద్దన్నాడు. కారణం చెప్పలేదు. మీరు లేకపోతే మాకు కథే లేదండీ, రెండు రోజులు ఆలోచించుకోండి అని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది. అప్పటినుంచి చిట్టి తన గది తలుపు వేసుకుంటే బడికి వెళ్ళేటప్పుడే తీస్తోంది. దాని తల్లి, బజర్ బాబు మరదలు, నోరు విప్పలేదు. ఆవిడ మామూలుగానే తక్కువ మాట్లాడుతుంది కాబట్టి, అది అలకో కాదో తెలియలేదు.

“వాడి ఫొటోలు గోడ నిండా ఉన్నాయి” అంది అమ్మ, అతను వెళ్ళిపోబోతుంటే. “ఫొటో మాట్లాడదు కదరా. వాడి గొంతు నాకు గుర్తుండటం లేదు. నిన్న పొద్దున్న తలుచుకుందామని చూశాను. నీ గొంతే వస్తోంది.”

తమ్ముడు ఆడిన ఆ భాగం రికార్డు చేసిన డిస్కు ఒకటి ఇంట్లో ఉండేది. అదెటు పోయిందో ఎవరికీ తెలియదు. అతనికి తెలుసు. తమ్ముడు పోయిన నెలలోనే దాన్ని రెండు ముక్కలు చేసి, బస్టాండు దగ్గర చెత్తకుండీలో పడేసి వచ్చాడు.

“ఆలోచిస్తానమ్మా” అని వంటగదిలోకి వెళ్ళిపోయాడు.

వంటగదిలో భార్య గిన్నెలు కడుగుతోంది. పెళ్ళయిన కొత్తల్లో అతను ఉద్యోగం మానేస్తానన్నప్పుడు అడ్డు చెప్పని మనిషి ఆమె ఒక్కతే. రోజూ పొద్దున్న టీ తాగుతూ అట్టముక్కల మీద రాసిన ప్రశ్నలు అడిగేది, అతను చెప్పేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. పిల్లలుంటే వాళ్ళతో మాట్లాడాల్సిన మాటల బదులు రాజధానులు, నదులు, మూలకాలు మాట్లాడుకుంటూ ఇన్నేళ్ళు వెళ్ళదీశారు.

ఆమె అతని వైపు తిరగకుండానే మొదలుపెట్టింది. రెండేళ్ళుగా చిట్టిని కూర్చోబెట్టి చదివించింది మీరేనంది. కాళ్ళొచ్చాక పరిగెత్తవద్దంటున్నదీ మీరేనంది. ఆ పిల్లకు మీరేం సమాధానం చెబుతారంది.

“నాకు ఆ షో అచ్చిరాదు” అన్నాడు.

ఆమె కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుని వచ్చి బల్లకు అవతలి పక్క కూర్చుంది.

“నాతో అబద్ధం ఆడకండి. తొమ్మిదేళ్ళు మీరు చెప్పలేదు, నేను అడగలేదు. చెప్పకపోవడం వేరు, అబద్ధం వేరు.”

“ఏం చెప్పలేదు?”

“మీరు రాశారు. నేను చూశాను.”

అతని బొటనవేలు ఆడటం ఆగిపోయింది.

ఆ రోజు కూడా అతను ఈ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. ‘పన్నెండు మెట్లు’లో అప్పటికే టీవీ పోటీల్లో గెలిచినవాళ్ళను తీసుకోరు. అందుకని దేశం మొత్తంలో అతను ఎక్కలేని కుర్చీ అదొక్కటే. ప్రతివారం ఆ కార్యక్రమం చూస్తూ, కుర్చీలో ఉన్నవాడికన్నా ముందే జవాబు చెబుతూ, తనలో తనే ఎన్నిసార్లు పన్నెండో మెట్టు ఎక్కాడో లెక్కలేదు. తమ్ముడేమో సరదాకి ఒక కూపన్ నింపి పంపాడు. ప్రింటింగ్ ప్రెస్సులో మిషను నడిపేవాడు. గోళ్ళలో సిరాతోనే వెళ్ళి కూర్చుని, నవ్వుతూ నవ్వుతూ పదకొండు మెట్లు ఎక్కేశాడు. పన్నెండోది ఎక్కితే సొంత మిషను కొనుక్కోవచ్చు.

అప్పుడు ఫోన్ మోగింది.

“అన్నయ్యా, వినిపిస్తోందా? సూర్యుడి చుట్టూ తిరగడానికి కన్నా, తన చుట్టూ తాను తిరగడానికే ఎక్కువకాలం పట్టే గ్రహం ఏది? బుధుడు, శుక్రుడు, అంగారకుడు, గురుడు.”

ముప్పై సెకన్లు గడువు. ప్రశ్న పూర్తయిన నాలుగో సెకనుకు అతని పెన్సిలు పేపరు అంచున ‘శుక్రుడు’ అని రాసేసింది. ఏ ప్రశ్న విన్నా రాసుకోవడం అతనికి అలవాటు. రాసింది రాసినట్టు నోటితో అనడమే తరవాయి. అనలేదు. అవతల తమ్ముడు “అన్నయ్యా” అన్నాడు. “అన్నయ్యా, ఉన్నావా?” అన్నాడు. అతను ఉన్నాడు. ఉండి, చేతిలో రిసీవరు పట్టుకుని, పేపరు మీద అక్షరాలు చూస్తూ, గడువు తీరేదాకా ఊపిరి మాత్రం వదులుతూ కూర్చున్నాడు. లైను తెగిపోయింది. తమ్ముడు బుధుడన్నాడు. ఎక్కిన మెట్లన్నీ దిగి, చేతికి వచ్చిన కాస్తతో ఇంటికి వచ్చాడు.

ఎంత ఈతగాడైనా ఒకనాడు మునుగుతాడని జనం ఓదార్చారు. ఓదార్చింది తమ్ముణ్ణి కాదు, బజర్ బాబునే. పాపం, తమ్ముడి విషయంలోనే గుర్తు రాలేదు, ఎంత కుమిలిపోతున్నాడో అన్నారు. వాళ్ళ జాలిని అతను తలవంచుకుని పుచ్చుకున్నాడు. అప్పటినుంచీ ఏ వేదిక మీద నిలబడినా, యాంకరు ప్రశ్న చదువుతుండగానే చెవిలో ఆ గొంతు మొదలయ్యేది. అన్నయ్యా, ఉన్నావా. అది ఆగాక గానీ వేలు కదిలేది కాదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు దాన్ని వయసు అనుకున్నారు. ఖగోళం ప్రశ్న వస్తే బజరు మీదనుంచి చెయ్యే తీసేసేవాడు. బజర్ బాబుకు గ్రహాలు అచ్చిరావని యాంకర్లు హాస్యమాడితే అందరితో పాటు నవ్వేవాడు.

“చుట్టూ సున్నా కూడా చుట్టారు” అంది భార్య. “రాసి, చుట్టూ సున్నా చుట్టి, దాని కింద గీత గీశారు. గీత గీయడానికి కూడా టైముంది మీకు.”

“నోరు రాలేదు.”

“రాలేదా, తియ్యలేదా?”

“అదే తెలియదు” అన్నాడు. “ఒట్టు. వీడు నాకన్నా పైకి వెళ్ళిపోతున్నాడని ఒక్కసారి అనిపించింది. అది గుర్తుంది. ఆ తరవాత నోరు రాలేదో, నేనే తియ్యలేదో, ఎంత వెతికినా దొరకటం లేదు.”

ఆమె కొంగుతో బల్ల మీది తడి తుడిచింది.

“నువ్వెందుకు అడగలేదు ఇన్నేళ్ళూ?”

“అడిగితే చెప్పేస్తారని. చెప్పేశాక మీ పక్కన ఎలా పడుకోవాలో నాకు తెలియదు. తెలియనట్టు ఉంటే పడుకోవచ్చు.”

మరిది వెళ్ళిపోతాడని అప్పుడు అనుకోలేదంది. ఎనిమిది నెలలకే వెళ్ళిపోయాడు కాబట్టి ఆ తరవాత అడిగే ధైర్యం అసలే లేకపోయిందంది. పోటీకి పిలుపు రాగానే, సొంత మిషను వస్తుందన్న నమ్మకంతో ప్రెస్సు యజమానికి రాజీనామా ఇచ్చేశాడు తమ్ముడు. తిరిగి వెళ్ళి అడగడానికి మొహం చెల్లక, తెల్లవారుజామున పేపరు కట్టలు మోసే వ్యాను నడపడానికి కుదురుకున్నాడు. ఒక మంచు ఉదయాన, రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ అతనికి కనబడలేదు.

“అమ్మకూ మరదలికీ చెప్పేస్తాను” అన్నాడు బజర్ బాబు. “ఆ తరవాత వాళ్ళిష్టం.”

“చెప్పండి. మీ బరువు దిగుతుంది. దింపేది ఎవరి నెత్తిమీదో కూడా చూసుకోండి. ఆ పిల్ల ఫోన్ చేస్తే ఎత్తి మాట్లాడండి. మిమ్మల్ని ఇంకేం అడగటం లేదు ఎవరూ.”

పక్కనే స్టోరు గది తలుపు చప్పుడైంది. ఆ గదినే చిట్టికి చదువుకోవడానికి సర్ది ఇచ్చారు. పుస్తకాల సంచి భుజాన వేసుకుని చిట్టి హాల్లోంచి బయటికి వెళ్ళిపోయింది. వెళ్ళొస్తానని ఎవరికీ చెప్పలేదు. ఇంకా అలక తీరలేదనుకున్నారు ఇద్దరూ.

మరదలు బజారు మలుపులో కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. మధ్యాహ్నం వేళ బజర్ బాబు వెళ్ళేసరికి షాపులో ఒక్క ముసలాయన ఉన్నాడు. అద్దాలు దిద్దించుకుని, అద్దంలో ముఖం చూసుకుని, తను ఇంత ముసలివాణ్ణని ఇన్నాళ్ళూ కనబడలేదని నిష్ఠూరమాడి వెళ్ళిపోయాడు. యజమాని భోజనానికి వెళ్ళాడు. కూర్చోవడానికి వేరే కుర్చీ లేదని మరదలు అతన్ని కళ్ళు పరీక్ష చేసే కుర్చీలో కూర్చోబెట్టింది. ఎదురుగా దీపం వెలుగుతున్న పలక మీద పెద్ద అక్షరాల నుంచి చీమతలంత అక్షరాల దాకా వరసలు. అలవాటు కొద్దీ చివరి వరస దాకా చదివేశాడు.

ఆమె పని ఆపలేదు. గాజుబిళ్ళ మధ్యలో చిన్న చుక్క పెట్టి, అంచు అరగదీసే చక్రానికి ఆనించింది. సన్నగా రొద.

ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చాడు. ఒక్క వాక్యమూ మిగల్లేదు. ఆ రోజు ఫోన్లో నాకు జవాబు తెలుసమ్మా, తెలిసి కూడా చెప్పలేదు, అన్నాడు. అంతే.

చక్రం తిరుగుతూనే ఉంది. ఆమె బిళ్ళను వెలుతురుకెత్తి చూసి, పొడి ఊది, మళ్ళీ ఆనించింది.

“నాకు తెలుసు బావగారూ.”

తనకు సరిగా వినబడలేదనుకున్నాడు.

“ఆయన ఇంటికి రాగానే చెప్పారు. చిన్నప్పుడు మీరిద్దరూ ఒకే మంచం మీద పడుకుని చదువుకునేవాళ్ళట కదా. మామయ్యగారు ప్రశ్నలడుగుతుంటే, జవాబు తట్టగానే మీరు ముక్కుతో ఒకసారి గట్టిగా గాలి వదిలేవాళ్ళట. ఫోన్లో ఆ చప్పుడు విన్నారట. అన్నయ్యకు తట్టింది, ఇంకేం, అనుకుని నవ్వారట. టీవీలో కూడా నవ్వుతారు ఆయన, సరిగ్గా అప్పుడే. ఎందుకు నవ్వారో ఎవరికీ అర్థం కాలేదు. నాకు తెలుసు.”

బజర్ బాబు కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు. తమ్ముడు ఆ తరవాత ఎనిమిది నెలలు తన ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. అన్నయ్యా అనే పిలిచాడు. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

“ఏమీ అనలేదా?”

“అన్నారు. అన్నయ్యకు ఆ కుర్చీ ఒక్కటే ఉందే, అదీ నేనే ఎక్కి కూర్చున్నాను, అన్నారు. నాకు నువ్వున్నావు, పాప ఉంది. పోనీలే, అన్నారు.” ఆమె చక్రం ఆపింది. “ఆయన పోనీలే అన్నారు. నేననలేదు.”

బయట ఎవరో గాజుతలుపు దగ్గర ఆగి, బోర్డు చూసి, వెళ్ళిపోయారు.

మరి తొమ్మిదేళ్ళు నా ఇంట్లో ఎలా ఉన్నావమ్మా అని అడిగాడు. అడగడానికి తనకు హక్కు లేదని అడిగాక తెలిసింది.

“నాలుగేళ్ళ పిల్లతో ఎక్కడికి పోను? మొదట్లో అదే కారణం. తరవాత మీరు దానికి చదువు చెప్పడం మొదలుపెట్టారు. రోజూ సాయంత్రం మీరు ప్రశ్నలడుగుతుంటే పక్కగదిలో కూర్చుని వినేదాన్ని. దానికి తెలియనిచోట మీరూ ఆగిపోతారేమో, మళ్ళీ నోరు కట్టేసుకుంటారేమో అని కాచుక్కూర్చున్నాను బావగారూ. ఒక్కరోజు ఆగలేదు మీరు. ఉన్నదంతా దానికి దోసిలితో పోశారు. అందుకని తిట్టలేను. అలాగని క్షమించానని కూడా అనలేను. ఆ రెండింటి మధ్యనే ఇల్లు కట్టుకుని ఉన్నాను.”

ఆమె గాజుబిళ్ళను ఫ్రేములో బిగించి, మరలు తిప్పి, మెత్తని గుడ్డతో తుడిచింది.

“చిట్టికి తెలుసా?”

“తెలియదు. తెలియకూడదు. దానికి తండ్రి ముఖమే సరిగా గుర్తులేదు. ఎవరన్నా మీ నాన్న ఎలా ఉండేవాడని అడిగితే మా పెదనాన్నలా అంటుంది.” ఈసారి ఆమె అతని కళ్ళలోకి చూసింది. “మీరా ఫోను ఎత్తండి. ఎత్తి, తెలిసింది చెప్పండి. నా కోసం కాదు, మీ కోసం అసలే కాదు. ఒక పెదనాన్నయినా మిగలనివ్వండి దానికి.”

ఇంటికి నడిచే వచ్చాడు. రెండు బస్సులు పక్కనుంచి వెళ్ళిపోయాయి, ఎక్కాలని తోచలేదు. చెవిలో గొంతు మామూలుగా మొదలైంది గానీ, ఇవాళ అది ఉన్నావా అని అడగటం లేదు. పోనీలే అంటోంది. అదెలా భరించాలో అతనికి తెలియలేదు. ఇన్నాళ్ళూ అడిగిన గొంతుకు ఏదో ఒకనాడు జవాబు చెప్పవచ్చనుకున్నాడు. పోనీలే అన్నవాడికి ఏం చెబుతాం?

సాయంత్రానికి ఇల్లు చేరాడు. అమ్మ అదే కుర్చీలో ఉంది.

“సరేనమ్మా. ఫోను ఎత్తుతాను” అన్నాడు.

అమ్మ మారు అడగలేదు. ఎందుకు మనసు మార్చుకున్నావనీ అనలేదు. కోడల్ని పిలిచి అన్నం వేడిచేసి తెమ్మంది. మొదటి ముద్ద నోట పెట్టుకుంటూ, వాడికి దుప్పటి ముసుగేసుకుని పాటలు పాడే అలవాటుండేదిరా, గొంతు వింటే ఆ పాటలు కూడా గుర్తొస్తాయేమో అంది. రెండు రోజుల తరవాత ఆ ఇంట్లో అమ్మ కంచం చప్పుడు వినబడింది. వంటగది గుమ్మంలో నిలబడి భార్య అతని వైపు చూసి, తల ఊపింది. చాలా చిన్నగా ఊపింది, అయినా ఊపింది.

అతను వరండాలోకి వెళ్ళి ప్రొడ్యూసరమ్మకు ఫోన్ చేశాడు.

ఆవిడ ఎంతో సంతోషించింది. మీరు కాదనరని మాకు తెలుసండీ అంది. తరవాత కొంచెం నసిగి, ఒక చిన్న మార్పు జరిగిందంది. మధ్యాహ్నం చిట్టి బడినుంచి ఫోన్ చేసిందట. ఆత్మీయులకు ఫోన్ అన్నచోట పెదనాన్న పేరు కొట్టేసి అమ్మ పేరు రాయమందట. కారణం ఎంత అడిగినా చెప్పలేదట.

“మాకైతే మీరే కావాలండీ, కథంతా మీతోనే కదా. కానీ పిల్ల పట్టినపట్టు విడవలేదు. పోనీ తల్లయినా బాగానే పండుతుందిలెండి. ప్రోమో మాత్రం మీ తమ్ముడిగారితోనే కట్ చేశాం, ఇవాళ ఆరింటినుంచి వస్తుంది. ఇంట్లో అందరినీ చూడమనండి.”

ఫోన్ పెట్టేశాక కూడా అతను దాన్ని చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు. పొద్దున్న వంటగదిలో తను కూర్చున్న చోటికీ, స్టోరు గదిలో చిట్టి కూర్చునే చోటికీ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ. అది ఎంత పల్చనిదో అతనికి తెలియనిది కాదు. చిట్టి గొణుక్కుంటూ వల్లెవేసే తేదీలు వంటగదిలోకి వినబడుతూనే ఉంటాయి.

చిట్టి గది దగ్గరికి వెళ్ళి తలుపు తట్టలేదు. బయట నిలబడ్డాడు. తలుపు దానంతటదే తెరుచుకుంది. చిట్టి అక్కడే ఉంది, అతని అడుగులు వింటూ నిలబడినట్టు.

గది గోడల నిండా వాళ్ళిద్దరూ కలిసి అంటించిన అట్టముక్కలు. ఎడమవైపు అతని చేతిరాత, కుడివైపు చిట్టిది. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా లేవు. ఏడిచి ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది.

“పొద్దున్న విన్నాను” అంది.

“తెలిసింది.”

“మా నాన్న అడిగినప్పుడు మీకు జవాబు తెలుసు కదా.”

“తెలుసు” అన్నాడు. ఒక్క సెకను కూడా పట్టలేదు.

చిట్టి తల ఊపింది. అతను చెప్పిన జవాబు సరైనదేనని కార్డు వెనక్కి తిప్పి చూసుకునేటప్పుడు ఎలా ఊపుతుందో అలాగే. ఏదో అడుగుతుందనుకున్నాడు. ఎందుకని అడిగితే చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదు. ఆ పిల్ల ఎందుకని అడగలేదు. హాల్లోకి తొంగిచూసి, నాన్నమ్మకు వినబడకుండా గొంతు తగ్గించింది.

“అమ్మకు మాత్రం చెప్పకండి పెదనాన్నా. అమ్మకు మీరంటే చాలా గౌరవం. తెలిస్తే మేమిద్దరం ఈ ఇంట్లో ఉండలేం.”

తొమ్మిదేళ్ళలో ఆ పిల్ల నోట మేమిద్దరం అన్న మాట అతను వినలేదు. మన ఇల్లు, మన గది, మనం గెలిస్తే ఏం కొనుక్కుందాం. ఎప్పుడూ మనమే. ఇవాళ ఆ మాటలో తను లేడు.

మీ అమ్మకు తెలుసని చెబితే, ఇన్నేళ్ళూ తన తల్లి దేన్ని మింగి ఈ ఇంట్లో మెలిగిందో ఈ పిల్లకు తెలిసిపోతుంది. చెప్పకపోతే, రేపటినుంచి తల్లీ కూతురూ ఒకరి ముందొకరు ఏమీ తెలియనట్టు, ఒకరినొకరు కాచుకుంటూ, ఒకే మంచం మీద పడుకుంటారు. అతను నోరు తెరిచాడు. చిట్టి కళ్ళార్పకుండా అతని ముఖంలోకే చూస్తోంది.

హాల్లో అమ్మ వేసిన టీవీ ఒక్కసారిగా పెద్దగా వినబడింది. చప్పట్లు, సంగీతం, ఆ తరవాత నవ్వుతున్న ఒక మగగొంతు.

“మా అన్నయ్యకు తెలియనిదంటూ ఉండదండీ.”

చిట్టి ఉలిక్కిపడి హాలు వైపు తిరిగింది.

“పెద్దోడా” అని పిలిచింది అమ్మ. రెండు రోజులుగా లేని బలం ఆ పిలుపులో ఉంది. “తొందరగా రారా. తమ్ముడు నీ గురించే చెబుతున్నాడు.”